పంపే ముందు పాత సంచికలు

(హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, కొత్తగా రాస్తున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కింద రీడింగ్ హాల్లో గ్రూప్స్‌కి చదువుకుంటున్న పిల్లలకి కుర్చీలు చాలక కొందరు మెట్ల మీదే పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళ చదువు చెడకుండా మైకు తగ్గించి మాట్లాడతాను. వెనక వరసల్లో సరిగా వినబడకపోతే మొహమాటపడకుండా ముందుకు వచ్చి కూర్చోండి.

ఈరోజు నన్ను మాట్లాడమన్నది వెబ్ పత్రికల గురించి, వాటికి కొత్తవాళ్ళు ఎలా దగ్గర కావాలన్న దాని గురించి. మీలో చాలామందికి ఉన్న ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. కథ రాసి పెట్టుకున్నాం, ఎవరికి పంపాలి, ఎన్నాళ్ళకి చెబుతారు? దానికి జవాబు చిన్నది. ప్రతి పత్రికలోనూ రచయితలకు సూచనలు అని ఒక పేజీ ఉంటుంది, అందులో అన్నీ రాసి ఉంటాయి. దానికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. దాన్ని చాలామంది చేయడం లేదని నా దగ్గరికి వచ్చే రచనలు చూస్తే తెలుస్తోంది. పత్రికకి పంపడమే తప్ప పత్రికని చదవడం లేదు. నేను ఒక వెబ్ పత్రికకి వచ్చిన కథలు చదివి పెడుతుంటాను. ఆ పత్రికలో ఒక్క కథ కూడా చదవకుండా పంపిన కథ మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

మా తరం రాయడం మొదలుపెట్టిన రోజుల్లో పత్రిక అంటే చేతిలో ఉన్న ఆ వారం సంచికే. పోయిన వారం సంచిక పక్కింటికి వెళ్ళేది, పోయిన నెలది పాత పేపర్లతో పాటు తూకానికి పోయేది. ఒక రచయిత పదేళ్ళ కిందట ఏం రాశాడో చూడాలనుకుంటే, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లాంటి చోటికి వెళ్ళి పాత పత్రికలు తీయించుకోవాలి. లేదంటే ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుట్టలు వెతుక్కోవాలి. భారతి 1924 నుంచి 1991 దాకా వచ్చిన పత్రిక. తెలుగులో రాసే ప్రతివాళ్ళూ అందులో పేరు చూసుకోవాలని కలగన్న పత్రిక. నాకు ఆ ఫుట్‌పాత్ మీద దొరికినవి మధ్యలోవి, విడివిడి సంచికలు. ఒక వ్యాసం రెండో భాగం ఉండేది, మొదటి భాగం ఉండేది కాదు. ఒక కథకుడి కథ నచ్చితే ఆయన దానికి ముందు ఏం రాశాడో తెలుసుకునే దారే ఉండేది కాదు.

1998లో అమెరికాలో ఉంటున్న కొందరు తెలుగువాళ్ళు ఈమాట అనే వెబ్ పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరం కనబడాలంటే విడిగా ఫాంటు దింపుకోవాలి, అది అందరి కంప్యూటర్లలోనూ సరిగా పనిచేయదు కూడా. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరం ఒకేలా కనబడేలా చేసే యూనికోడ్ స్థిరపడ్డాకే ఆ కష్టం తీరింది. అంత ఇబ్బందిలో మొదలైన ఆ పత్రిక సంచికలు మొదటి నుంచీ ఇవాళ మీ ఫోన్‌లో తెరుచుకుంటాయి. పైసా కట్టక్కర్లేదు. 2007 నుంచి నెలనెలా వస్తున్న కౌముదిని పీడీఎఫ్‌లుగా దింపుకుని బస్సులో చదువుకోవచ్చు. పుట్ల హేమలత గారు 2011లో స్త్రీల కోసం విహంగ పెట్టారు. సారంగ 2013లో వారపత్రికగా మొదలై, తర్వాత పక్షపత్రిక అయింది. 2019లో నెచ్చెలి వచ్చింది. ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ చెప్పుకుంటూ పోతే జాబితా అవుతుంది. ఇంత పాత సంచికల భాండాగారం తెలుగులో ఏ తరం కొత్త రచయితకీ దొరకలేదు. మీకు దొరికింది. దాన్ని వదిలేసి తిన్నగా ఈమెయిల్ చిరునామా వెతుక్కుంటున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఎలా చదవాలో ఒక పద్ధతి చెబుతాను. నేను కొత్తవాళ్ళందరికీ ఇదే చెబుతుంటాను. అన్ని పత్రికలూ ఒకేసారి తిరగేయకండి. ఒక పత్రిక పట్టుకోండి. అందులో మీకు బాగా నచ్చిన ఒక కథ ఎంచుకోండి. ఆ కథ పైన రచయిత పేరు ఉంటుంది కదా, దాని మీద నొక్కితే చాలా పత్రికల్లో ఆ రచయిత అక్కడ రాసినవన్నీ వరసగా వస్తాయి. కొత్తవి పైన, పాతవి కింద ఉంటాయి. మీరు అట్టడుగుకి వెళ్ళి మొట్టమొదటి కథ తెరవండి. అది చదివి, వెంటనే పైన ఉన్న తాజా కథ చదవండి. మధ్యలోవి ఇప్పుడొద్దు.

ఆ రెండింటి మధ్యా ఆ మనిషి ఏం వదిలేశాడో చూడండి. మొదటి కథలో పాత్ర గురించి రచయితే చెప్పుకొచ్చి ఉంటాడు: ఆమె మంచిది, ఓర్పు గలది, కష్టాలు పడింది అని. తాజా కథలో ఆ మాటలేవీ ఉండవు, ఆమె చేసిన పని ఉంటుంది. మొదటి కథలో చివరి పేరా కథ అంతా మళ్ళీ విప్పి చెబుతుంది, తాజా కథ చెప్పాల్సింది అయిపోగానే ఆగిపోతుంది. ఈ తేడా ఏ పాఠ్యపుస్తకంలో చదివినా తలకెక్కదు. ఒకే మనిషి రాసిన రెండు కథల మధ్య కళ్ళారా చూస్తే ఎక్కుతుంది. పైగా ధైర్యం వస్తుంది. మీరు ఎంతో గౌరవించే రచయిత మొదటి కథ మీ కథలాగే తడబడుతూ ఉండటం చూస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను అల్లిందే, ఎవరి కథా కాదు. అమీర్‌పేటలో కర్రీ పాయింట్ నడిపే ఒక ఆవిడ కథ అనుకోండి. కొత్త రచయిత ఇలా మొదలుపెడతాడు: "సంధ్యా సమయం. పడమటి కొండల వెనక సూర్యుడు అస్తమిస్తున్నాడు. ఆకాశం కుంకుమ ఆరబోసినట్టు ఉంది. పక్షులు గూళ్ళకు చేరుతున్నాయి. రాజమణి మనసు మాత్రం కలత చెంది ఉంది." దీని తర్వాత రెండు పేరాలు ఆమె గతం. పెళ్ళి, భర్త, అప్పులు. మూడో పేరా తర్వాత ఈ వాక్యాలు వస్తాయి: "ఎనిమిదిన్నరకే పప్పు అయిపోయింది. సాంబారులో ఇంకో చెంబు నీళ్ళు పోసి మంట పెద్దది చేసింది రాజమణి. హాస్టల్ పిల్లలు పదింటి దాకా వస్తూనే ఉంటారు."

కథ మొదలయింది ఇక్కడ. ఆ చెంబు నీళ్ళలో ఆమె వ్యాపారం ఉంది, రేపటి కిరాయి గురించిన భయం ఉంది, ఆకలితో వచ్చే పిల్లల్ని ఖాళీ కవరుతో పంపలేని గుణం ఉంది, వాళ్ళకి నీళ్ళ సాంబారు పోస్తున్నానన్న చిన్న గిల్టు కూడా ఉంది. మనసు కలత చెందిందని వేరే చెప్పక్కర్లేదు. మంచి సంపాదకులైతే పైన ఉన్నదంతా తీసేసి ఇక్కడి నుంచి మొదలుపెట్టమంటారు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నిలబడితే పడమటి కొండలు ఎక్కడ కనబడతాయని అడుగుతారు. ఆ ప్రశ్న రచయితని చిన్నబుచ్చడానికి కాదు. ఆ కొండలు అతను చూసినవి కావు, ఎక్కడో చదివినవి. అతను చూసింది చెంబు. ఆకాశం గురించి రాయకూడదని నేననడం లేదు. వాన పడితే ఆమె కూరలు మిగిలిపోతాయంటే మబ్బు గురించి తప్పకుండా రాయాలి, అప్పుడు మబ్బు కూడా కథలో పాత్రే.

మీరు చదువుతున్న పత్రికలో పది కథల మొదటి పేరాలు మాత్రం వరసగా చదివి చూడండి. ఎన్ని కథలు పని మధ్యలో మొదలయ్యాయో, ఎన్ని వాతావరణంతో మొదలయ్యాయో చూడండి. ఆ సంపాదకులు దేన్ని ఇష్టపడతారో ఒక గంటలో తెలిసిపోతుంది. రచయితలకు సూచనలు అన్న పేజీ ఇది మీకు చెప్పదు.

ఇక్కడ భాష సంగతి కొంచెం ఆగి మాట్లాడాలి, మనం హైదరాబాద్‌లో ఉన్నాం కాబట్టి. మన మాటలో దవాఖాన ఉంది, సడక్ ఉంది, కిరాయి ఉంది, పరేషాన్ ఉంది, జల్ది ఉంది. ఇంట్లో అమ్మ "ఒచ్చిండా?" అంటది. కథ రాయడానికి కూర్చోగానే చాలామంది చేతికి వేరే తెలుగు వస్తుంది. ఇంకొందరు సంభాషణల్లో "దవాఖానకు పోయినం" అని రాసి, కింది వాక్యంలో కథనంలోకి రాగానే "ఆసుపత్రికి వెళ్ళారు" అంటారు. కథ బయటి మనిషి చెబుతుంటే అది తప్పేం కాదు. "నేను" అంటూ ఆ పాత్రే కథ చెబుతున్నప్పుడు మాత్రం ఒకే మనిషికి రెండు నోళ్ళు ఉన్నట్టుంటుంది. ఏ పత్రిక దీన్ని ఎలా చూస్తుందన్నది పాత సంచికల్లో దొరుకుతుంది. పాలమూరు నుంచి రాసినవాళ్ళ కథ తెరవండి, కడప నుంచి రాసినవాళ్ళ కథ, శ్రీకాకుళం నుంచి రాసినవాళ్ళ కథ తెరవండి. కథనంలో కూడా వాళ్ళ యాసని ఉండనిచ్చారా, సంభాషణలకే పరిమితం చేశారా చూడండి. ఉండనిచ్చిన పత్రిక అయితే మీరు నిస్సంకోచంగా పంపవచ్చు. ఒక్కటి మాత్రం మీ బాధ్యత: ఒక చోట "ఒచ్చిండు", రెండు పేజీల తర్వాత "వచ్చిండు", చివర "వచ్చాడు" అని రాస్తే, సరిదిద్దేవాళ్ళకి మీ ఉద్దేశం ఏమిటో తెలియదు. మీరు ఒక పద్ధతి పెట్టుకుని చివరి దాకా దాని మీద నిలబడితే మీ యాస జోలికి ఎవరూ రారు. ఎవరైనా వస్తే మీరు వాదించవచ్చు, వాదించాలి కూడా.

కవిత్వం గురించి ఎక్కువ చెప్పను, దానికి వేరే రోజు కావాలి. పుస్తక పరిచయాలు రాయడం మాత్రం కొత్తవాళ్ళు చిన్నచూపు చూడకండి. మంచి పరిచయాల కోసం సంపాదకులు ఎదురుచూస్తుంటారు. అనువాదాలు చేసేవాళ్ళు మూల రచయిత అనుమతి ముందే తీసుకోండి. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్ళ దాకా హక్కులు వారసులకి ఉంటాయి.

వెబ్ పత్రికలో వస్తే అది లెక్కలోకి రాదు, అచ్చులో వస్తేనే రచయిత అంటారు అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అచ్చు పత్రికల మీద నాకు ప్రేమ ఉంది, నేను పెరిగింది వాటితోనే. కానీ 1978లో మొదలై ఎన్నో ఇళ్ళలో నవలనీ కథనీ చదివించిన చతుర, విపుల ఇవాళ అచ్చులో లేవు. ఆదివారం అనుబంధంలో కథకి దొరికేది ఒకటి రెండు పేజీలు, ఆ చోటుకి సరిపడా కథని కుదించాలి. కథాసాహితి వారు 1990 కథలతో మొదలుపెట్టి ఏటేటా వేస్తున్న సంకలనాల్లో వెబ్ పత్రికల్లో వచ్చిన కథలకూ చోటు దొరికింది. కాబట్టి ఆ దిగులు వదిలేయండి. వెబ్‌లో పేజీల హద్దు లేదు. నిడివి ఉన్న కథకి అది మేలు. అయితే హద్దు లేదు కదా అని కథని సాగదీస్తే, కత్తిరించవలసిన భారం మొత్తం మీ మీదే పడుతుంది.

ఇక పంపే సంగతి. యూనికోడ్‌లో టైపు చేసి వర్డ్ ఫైల్‌గా పంపండి. డీటీపీ సెంటర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన ఫైలు పంపితే, అది మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయి, ఒక్కో అక్షరం సరిచేసుకుంటూ కూర్చోవాలి. చేతిరాత కాగితాలకి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఉన్నారు. పెద్దవాళ్ళు పంపితే ఎవరో ఒకరు కూర్చుని టైపు చేస్తారు. మీరు చిన్నవాళ్ళు, మీ ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది. నోటితో చెప్పి టైపు చేయించేవాళ్ళు తర్వాత తప్పకుండా ఒకసారి పైకి చదువుకోండి, అది "కల" అంటే "కళ" అని రాసిపెడుతుంది. హామీపత్రం మామూలే: రచన మీ సొంతం, అనువాదమో అనుకరణో కాదు, ఇంకో పత్రిక పరిశీలనలో లేదు. దాన్ని మొక్కుబడిగా రాయకండి. ఒకే కథని నాలుగు పత్రికలకి పంపి, రెండింట్లో వస్తే, ఇద్దరు సంపాదకుల నమ్మకం పోతుంది. ఫేస్‌బుక్ గోడ మీద పెట్టింది కూడా చాలా పత్రికల లెక్కలో ప్రచురితమైనట్టే. కథ రాసిన రాత్రే స్నేహితులకి చూపించాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. ఇద్దరు ముగ్గురికి విడిగా పంపి చదివించుకోండి, గోడ మీదికి ఎక్కించకండి.

పంపాక ఏం జరుగుతుంది? కొన్ని పత్రికల్లో సంపాదకులే చదివి నిర్ణయిస్తారు. ఈమాట లాంటి చోట సమీక్షకులకి పంపించి, వాళ్ళ అభిప్రాయాలు రచయితకి చేరవేసే పద్ధతి ఉంది. పాత రోజుల్లో స్టాంపులు అంటించిన కవరు జతచేస్తే కథ తిరిగి వచ్చేది, "ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం" అని అచ్చు వేసిన చీటీతో. ఎందుకు తిరిగి వచ్చిందో జీవితంలో తెలిసేది కాదు. ఇప్పుడు ఎవరైనా మీ కథ చదివి, ఐదో పేజీలో రాజమణి కొడుకు ఎందుకు ఇల్లు వదిలి వెళ్ళాడో తెలియడం లేదు అని రాశారంటే, వాళ్ళు మీ కథతో ఒక సాయంత్రం గడిపారన్నమాట. వాళ్ళలో చాలామందికి దీనికి జీతం లేదు. పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి మీ వాక్యాలతో కూర్చుంటారు. ఆ ఉత్తరానికి అదే రోజు జవాబు రాయకండి. రెండు రోజులు ఆగండి. చెప్పిన ప్రతిదీ ఒప్పుకోవాలనేం లేదు, ఏది ఒప్పుకోవడం లేదో ఎందుకో మర్యాదగా రాయండి. నా అనుభవంలో అలా వాదించి కథని నిలబెట్టుకున్న కొత్తవాళ్ళే తర్వాత మంచి రచయితలయ్యారు.

సంపాదకులు కొత్తవాళ్ళని పట్టించుకోరన్న అపోహ ఉంది. ఈ ఊరి చరిత్రే దానికి జవాబు. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, ఇదే హైదరాబాద్ నుంచి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. నిజాం రాజ్యంలో మూలమూలలా ఉన్నవాళ్ళ పద్యాలూ వివరాలూ సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది ఉన్నారు. ఫోను లేని, టైపు చేసే వీలు లేని రోజుల్లో, పల్లెల్లో ఉండి రాసుకుంటున్న మనుషుల్ని వెతికి పట్టుకున్న సంపాదకుడాయన. ఇప్పుడు పత్రికలు నడుపుతున్నవాళ్ళలోనూ ఆ వెతుకులాట ఉంది. నేను చూస్తున్నాను: ఎన్నడూ వినని పేరుతో వచ్చిన కథలో ఒక్క పేరా బాగుంటే, ఆ సంతోషం రాత్రికి రాత్రే ఒకరికొకరు ఫోన్ చేసి చెప్పుకుంటారు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. వెబ్ పత్రికలు మనుషుల ఓపిక మీద నడుస్తాయి. కొన్ని ఆగిపోయాయి, కొన్నింటి పేజీలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. డొమైన్‌కి డబ్బు కట్టేవాళ్ళు లేకపోతే ఏళ్ళ తరబడి రాసినవన్నీ ఒక్కసారిగా కనబడకుండా పోతాయి. మీ రచన వచ్చిన రోజే ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, సంచిక తేదీ రాసి పెట్టుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో ఆ లింకు ఇస్తే పేజీకి ఒక నకలు అక్కడ చేరుతుంది, నిమిషం పని. మీది మాత్రమే కాదు, మీకు నచ్చిన ఇతరుల కథలకి కూడా ఆ పని చేయండి. పాత సంచికల వల్ల నేర్చుకుంటున్నవాళ్ళం, వాటిని కాపాడే పనిలో మనం కూడా ఒక చేయి వేయాలి.

మీలో కొందరు కథలు ప్రింటు తీసి తెచ్చారని నిర్వాహకులు చెప్పారు. చాలా సంతోషం. గ్రంథాలయం మూసే లోపు మనకి ఇంకా గంట సమయం ఉంది. కథ మొత్తం వద్దు, మొదటి పేజీ మాత్రం పైకి చదవండి. అది ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ మొదలవాలో అందరం కలిసి చూద్దాం.